టెక్ సందేహాలు: కొనేవాడి చేతిలోనే కాటా

ప్రశ్న: ఆదోనిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. పాత కంప్యూటర్లలో లినక్స్, ఫైర్‌ఫాక్స్ వేశాను. ఇకమీదట వెబ్‌సైట్లు బ్రౌజర్‌ను పరీక్షించి, నచ్చకపోతే తెరుచుకోవని ఒక మిత్రుడు భయపెట్టాడు. గూగుల్ అది మానుకుందని ఇంకొకరు అన్నారు. ఎవరిని నమ్మాలి సార్?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజముంది. 2023లో గూగుల్ ఇంజనీర్లు ‘వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ’ అని ఒక ప్రతిపాదన తెచ్చారు. మీ బ్రౌజర్, మీ మిషను అసలైనవేనని మూడో సంస్థ ఒకటి సంతకం పెట్టిన టోకెన్‌ను, అంటే డిజిటల్ చీటీని, సైటుకు చూపించాలి. బాట్లను (మనుషుల్లా నటించే ప్రోగ్రాములను), మోసాలను ఆపడానికేనన్నారు. కానీ క్రోమ్ వాళ్లదే, ఆండ్రాయిడ్ వాళ్లదే, ప్రకటనల వ్యాపారమూ వాళ్లదే. మీ యార్డులో పత్తి కొనే వ్యాపారే కాటా పట్టుకుంటానంటే రైతు ఊరుకుంటాడా? ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా, ఇతర బ్రౌజర్ల వాళ్లయిన బ్రేవ్, వివాల్డి గట్టిగా వ్యతిరేకించాయి. ఆ నవంబరులోనే గూగుల్ వెనక్కి తగ్గింది. తగ్గుతూనే, ఆండ్రాయిడ్ యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీల కోసం అలాంటిదే చిన్నది చేస్తామంది. ఆపిల్ అయితే 2022లోనే ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 16తో ఇంచుమించు ఇదే తరహా టోకెన్లు తెచ్చేసింది. దాని మీద ఇంత గొడవ జరగలేదు.

థర్డ్ పార్టీ కుకీల (మనం ఏ సైట్లు చూస్తున్నామో ప్రకటనల సంస్థలు వెంటాడడానికి వాడే చిన్న ఫైళ్ల) సంగతి గుర్తుందా? క్రోమ్ నుంచి రెండేళ్లలో తీసేస్తామని 2020లో గూగుల్ వాళ్లు అన్నారు. మూడుసార్లు వాయిదా వేసి, 2024లో తీయబోమన్నారు. అందుకే ‘మానుకున్నాం’ అని వాళ్లంటే నేను ‘ఇప్పటికి’ అని ముందు చేర్చుకుని చదువుతాను.

మీ ఫైర్‌ఫాక్స్‌కు ప్రస్తుతం టెన్షన్ లేదు. ‘క్రోమ్‌లోనే తెరవండి’ అనే సైట్లు చాలావరకు బ్రౌజర్ చెప్పుకునే పేరు మాత్రమే చూస్తాయి. అది సైటు కట్టినవాళ్ల బద్ధకం. ఆమధ్య ఒక దరఖాస్తు నింపుతుంటే నాకూ అదే ఎదురైంది. యూజర్ ఏజెంట్‌ను, అంటే ఆ పేరును, మార్చే ఎక్స్‌టెన్షన్‌తో (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంతో) క్రోమ్ అని చెప్పించాను, బుద్ధిగా తెరుచుకుంది. అన్నిచోట్లా ఇది పారదు. గిరాకీ ఉన్న సెంటరు కాబట్టి ఒక మిషన్‌లో క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్ కూడా ఉంచుకోండి.

ప్రశ్న: క్రోమ్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. వైరసా? (ఎమ్మిగనూరు)

జవాబు: వైరస్ కాదు. క్రోమ్ పాతరకం ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. భద్రత కోసమట! కొత్త పద్ధతికి తగ్గట్టు చేసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ క్రోమ్‌లో దొరుకుతుంది, పని కాస్త తక్కువ చేస్తుంది. పూర్తిదే కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో వేసుకోండి.