విరూపాక్షి పిలకలతో వచ్చింది జింకు లోపం కాదు

ప్రశ్న: జీఐ (భౌగోళిక) గుర్తింపున్న రకం, మంచి ధర పలుకుతుందంటే తమిళనాడు నుంచి విరూపాక్షి అరటి పిలకలు 300 తెప్పించి లంక చేలో నాటాను. ఐదో నెలకి 20 చెట్లకు ఆకులు సన్నబడి, నిటారుగా మొవ్వులో గుత్తిలా ఒత్తుకుపోయాయి. జింకు లోపమని మందుల షాపులో చెబితే నాలుగుసార్లు కొట్టాను. మార్పు లేదు. ఇంకేం కొట్టాలి?
– ఒక రైతు, రావులపాలెం మండలం

జవాబు: జింకు ఇక ఆపండి. మీరు చెప్పేది వెర్రితల తెగులు, అంటే వైరస్. ఆకును కాడతో సహా కోసి వెనక వైపు నుంచి ఎండకు ఎదురుగా పట్టి చూడండి. ఈనెల వెంట, కాడ మీద ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు తెగితెగి కనిపిస్తే ఇక అనుమానం లేదు. జింకు లోపమైతే చారలు పాలిపోయి ఉంటాయి.

సోకిన చెట్టుకు మందు లేదు, తీసేయాల్సిందే. అయితే ముందే పీకారంటే వైరస్‌ను మోసే పేనుబంక పక్క చెట్టెక్కుతుంది. మొదట లీటరు నీటికి ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. 0.5 మి.లీ., కాస్త జిగురు మందు కలిపి, మొవ్వు లోపల నుంచి కాండం మొదలు దాకా, పిలకలతో సహా తడపండి. మర్నాడు దుంపతో తవ్వి ముక్కలు చేసి లోతుగా పాతిపెట్టండి. ఒక్క పిలక మిగిలినా కథ మళ్లీ మొదలు. మిగతా చెట్లను వారానికోసారి మొవ్వు విప్పి చూడండి. పేనుబంక కనిపిస్తేనే మందు, అదీ 21 రోజుల ఎడంతో. ఊరికే కొట్టకండి.

షాపాయన చెట్టు చూడలేదు, మీ మాట విని డబ్బా చేతిలో పెట్టాడు. నాలుగు పిచికారీల డబ్బు పోతే పోయింది, ఆ రోజుల్లో పేనుబంక ఎన్ని చెట్లు తిరిగిందో! ఆకు పట్టుకుని కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లుంటే అప్పుడే తేలిపోయేది.

ఇక జీఐ మాట. విరూపాక్షికి 2008-09లో వచ్చిన గుర్తింపు పళని కొండల పంటకి. కాఫీ, మిరియాల మధ్య వర్షాధారంగా పెరిగే చెట్టది. పళని పంచామృతంలో పడేదీ ఆ పండే. ఆత్రేయపురం మీకు కూతవేటు దూరం. పూతరేకుల కుండ కొనుక్కెళ్లి పళనిలో రేకులు తీస్తే అవి ఆత్రేయపురం పూతరేకులవుతాయా? లంక గెలకి ఆ జీఐ పేరు తగిలించి అమ్మితే 1999 జీఐ చట్టం ప్రకారం చిక్కుల్లో పడతారు. పైగా ఆ కొండల్లో విరూపాక్షి తోటల్ని ఊడ్చేసింది ఈ వెర్రితలే. పిలకలు ఏ తోటవో అమ్మినవాణ్ణి అడిగారా?

ఆ చేలో పిలక ఎవరడిగినా ఇవ్వకండి. మళ్లీ నాటేటప్పుడు మన కర్పూర చక్కెరకేళి టిష్యూకల్చర్ మొక్కలే తీసుకోండి. డబ్బు కట్టే ముందు వైరస్ పరీక్ష కాగితం చూపించమనండి.