పాలపంటికి ఏ ఫిల్లింగ్ వేయించాలి?

మీ బాబుకి ఐదేళ్లు, కింది దవడ పన్ను పుచ్చింది, సిమెంటా, కాంపోజిటా, వెండి ఫిల్లింగా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా పాపకి ఒకే పంటికి రెండుసార్లు డబ్బు కట్టిన తల్లిని.

పాపకి నాలుగున్నరేళ్లప్పుడు రెండు దవడ పళ్ల మధ్య పుచ్చు పట్టింది. నవ్వితే కనపడకూడదని పంటి రంగు కాంపోజిటే కావాలని పట్టుబట్టింది నేనే. దవడ పన్ను ఎవరికి కనపడుతుందో అప్పుడు తట్టలేదు! కాంపోజిట్ అతుక్కోవాలంటే పన్ను బాగా పొడిగా ఉండాలి. జిగురు పూసి, పొరలుగా పెట్టి, నీలం లైటుతో గట్టిపరుస్తారు. మా పిల్ల ఒకటే ఏడుపు, నాలుకతో తోయడం, నోటినిండా ఉమ్మి. ఐదు నెలలకి ఇడ్లీ తింటుండగా ఊడి చేతికొచ్చింది.

అప్పుడు పిల్లల పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ మెటీరియల్ సంగతి ఎత్తకుండా ముందు ఎక్స్‌రే తీశారు. "ఈ పన్ను ఇంకా ఎన్నాళ్లు పనిచేయాలో తెలుసా?" అని అడిగారు. ముందు పాలపళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి గానీ, దవడవి పది పన్నెండేళ్ల దాకా ఉండాలట. మా అత్తయ్యగారు "ఎలాగూ ఊడేదేగా" అన్నారు. కానీ అది ముందే పోతే పక్క పళ్లు జరిగి, కింద నుంచి వచ్చే పంటికి చోటు చాలదు.

సిమెంట్ అంటే సాధారణంగా గ్లాస్ అయానమర్, జీఐసీ అంటారు. కాస్త తడి ఉన్నా ఓర్చుకుంటుంది, త్వరగా అయిపోతుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. నమిలే వైపు చిన్న గుంట, కుదురుగా కూర్చోని పిల్లాడు అయితే నేను దానికే ఓటేస్తాను. బలం మాత్రం తక్కువ, అరుగుతుంది. పళ్ల మధ్య పెద్ద పుచ్చుకి నిలవడం కష్టం. అందుకే మా పాపకి స్టీలు క్యాప్ వేశారు. ఇప్పుడు ఏడున్నరేళ్లు, కదల్లేదు. పెళ్లిళ్లలో "వెండి పన్నా?" అని అడుగుతుంటే అదే నోరు తెరిచి చూపిస్తుంది.

వెండి ఫిల్లింగ్‌లో బరువులో దాదాపు సగం పాదరసమే. పాదరసం మీద మినమాటా ఒప్పందంలో మన దేశమూ ఉంది. పాలపళ్లకి, పదిహేనేళ్లలోపు పిల్లలకి అది వాడకుండా చూడాలని 2022లో ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. ఎవరైనా మీ బాబుకి అదే వేద్దామంటే ఎందుకని అడగండి. అలాగని మీ నోట్లో బాగున్న పాతవాటిని కంగారుపడి తీయించుకోకండి.

ఇంతకీ ఎక్స్‌రే తీశారా? బాబు రాత్రిళ్లు నొప్పితో లేస్తున్నాడా? లేస్తుంటే పుచ్చు నరం దాకా వెళ్లి ఉండొచ్చు. అప్పుడు ఏ ఫిల్లింగ్ అన్నది తర్వాతి మాట, ముందు నరానికి వైద్యం కావాలి.