యాప్ అప్పు తీర్చినా వేధింపులు: సరిహద్దులో ఉన్నవారు ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంటాను. లైనింగు గుడ్డ కోసం ఫోనులో ఒక యాప్ ద్వారా 6,000 రూపాయలు అప్పు తీసుకుంటే 3,900 మాత్రమే ఖాతాలో పడ్డాయి. ఏడో రోజున 6,000 కట్టేశాను. అయినా ఇంకా బాకీ ఉందంటూ, నా ఫొటో మీద ‘దొంగ’ అని రాసి, పాతపట్నంలోని మా ఆడపడుచు అత్తవారికి సైతం పంపారు. నా సిమ్ము ఆంధ్రాది, ఇల్లు ఒడిశాలో. ఎవరికి చెప్పుకోవాలి? చెల్లింపు రసీదు జత చేస్తున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన రసీదులో డబ్బు అందుకున్నది కంపెనీ కాదు, ఒక వ్యక్తి పేరున ఉన్న యూపీఐ ఖాతా. అసలు అనుమానించవలసింది అక్కడే. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో జారీ చేసి, 2025 మేలో సమగ్రంగా మళ్ళీ ప్రకటించిన నిబంధనల ప్రకారం యాప్ మధ్యవర్తి మాత్రమే; దాని వెనుక అప్పిచ్చే బ్యాంకో, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్సు కంపెనీయో ఉండాలి, మీరు కట్టే సొమ్ము నేరుగా ఆ సంస్థ ఖాతాకే చేరాలి. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును అప్పుకు ముందే రాతపూర్వకంగా చూపాలి. అందులో లేని రుసుము వసూలు చేయరాదు. మీ దగ్గర కోసుకున్న 2,100 రూపాయలు ఏ పద్దు కిందివో అడిగే హక్కు మీకుంది. ఇక ఫోనులోని నంబర్ల జాబితాను యాప్ ముట్టుకోవడమే నిషిద్ధం.

ఇలా బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల తరఫున అప్పులిచ్చే యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జులై 1 నుంచి తన వెబ్‌సైటులో ఉంచుతోంది. అప్పిచ్చే సంస్థలు తామే ఇచ్చిన వివరాలతో తయారైనది కనుక దానిని యోగ్యతాపత్రంగా భావించకండి. మీ యాప్ అందులో ఉంటే ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారిని) ఆశ్రయించవచ్చు. అందుకు 14448కు ఫోను చేస్తే వివరాలు చెబుతారు.

మీ యాప్ ఆ జాబితాలో లేకపోతే నెల రోజులు ఆగడం దండగ. ఫొటోతో పరువు తీయడం, బెదిరించి డబ్బు గుంజడం నేరాలు. వెంటనే సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి, పోలీసు స్టేషనుకు వెళ్ళండి. ‘సిమ్ము ఆంధ్రాది, అక్కడికే పొండి’ అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. మీరు నోటితో చెప్పినది రాసుకుని, మీకు చదివి వినిపించాలి. కాబట్టి ఒడియాలో రాసినది అర్థమయ్యాకే సంతకం చేసి, ఉచితంగా ఇవ్వవలసిన నకలు అడిగి తీసుకోండి.

యాప్‌ను మాత్రం అప్పుడే తీసేయకండి. ముందు అప్పు వివరాల తెరలన్నీ ఫొటో తీసి, ఆ తరువాత సెట్టింగులలో దానికిచ్చిన అనుమతులు రద్దు చేయండి. పాతపట్నంవారికి వచ్చిన ఫొటోను పంపిన నంబరు, తేదీ, సమయం కనిపించేలా ఉంచమనండి. మీ ఫిర్యాదుకు అది గట్టి సాక్ష్యం.