'ప్రీమియం' ల్యాప్‌టాప్‌లో కార్డ్ రీడర్ నత్తనడక: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. ఎనిమిది నెలల కిందట ఆన్‌లైన్‌లో రూ. 1,68,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. ఎస్‌డీ కార్డ్ స్లాట్ ఉందనే ఆ మోడల్ తీసుకున్నాను. తీరా చూస్తే 64 జీబీ కార్డు ఖాళీ చేయడానికి అరగంట పడుతోంది. అదే కార్డు మిత్రుడి రీడర్‌లో పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతోంది. సర్వీస్ సెంటర్‌వాళ్లేమో 'ఈ మోడలే అంత, ఇందులో రిపేరేమీ లేదు' అంటున్నారు. డబ్బు వెనక్కి అడగవచ్చా?

జవాబు: అడగవచ్చో లేదో తేల్చేది ఒక్క లైనండీ. మీరు కొన్న రోజున వివరాల పేజీలో కార్డ్ రీడర్ గురించి ఏం రాశారు? 'ఎస్‌డీ కార్డ్ రీడర్' అని ఊరుకున్నారా, లేక యూహెచ్ఎస్-1 అనో యూహెచ్ఎస్-2 అనో (ఇవి ఎస్‌డీ కార్డుల వేగానికి పెట్టిన ప్రమాణాలు, రెండోది ఎక్కువ వేగం), సెకనుకు ఇన్ని ఎంబీలనో రాశారా? 'ప్రీమియం', 'క్రియేటర్ల కోసమే' లాంటి మాటలను నమ్ముకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే, అవి అమ్మకానికి చెప్పే కబుర్లని అవతలి లాయరు రెండు నిమిషాల్లో తోసిపారేస్తారు. వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని సెక్షన్ 2(10) ప్రకారం, చట్టమో ఒప్పందమో కోరిన ప్రమాణానికి, లేదా అమ్మినవారు తామే చెప్పుకున్న ప్రమాణానికి వస్తువు తగ్గితే అది లోపం. ధర ఎక్కువ కాబట్టి వేగమూ ఎక్కువ ఉండాలని ఆ సెక్షన్ ఎక్కడా అనదు.

ఇక లెక్క. అరగంటకు 64 జీబీ అంటే సెకనుకు దాదాపు 35 ఎంబీ. ఈ అంకె రాగానే మొదట అనుమానించాల్సింది, స్లాటును లోపల పాతకాలపు, నెమ్మదైన యూఎస్‌బీ 2.0 లైనుకు కలిపారా అని. ఆ లైను వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు (ఎంబీ). చేతికొచ్చేది 30 నుంచి 40. యూహెచ్ఎస్-1 స్లాటుకు గరిష్ఠం సెకనుకు 104 ఎంబీ, వాడకంలో 90 దరిదాపుల్లో వస్తుంది, మీ కార్డు 12 నిమిషాల్లో ఖాళీ కావాలి. యూహెచ్ఎస్-2కు గరిష్ఠం 312. అందులో 250 వచ్చినా నాలుగున్నర నిమిషాల్లోపు పని అయిపోతుంది.

కాబట్టి పేజీలో యూహెచ్ఎస్-2 అని ఉంటే మీది గట్టి కేసు. యూహెచ్ఎస్-1 అని ఉన్నా 35 ఎంబీ అన్నది లోపమే. ఏమీ రాయకపోతే మాత్రం కష్టం. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచారని సెక్షన్ 2(28) కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనగా వాదించవచ్చు గానీ, 'కావాలని' అన్నది రుజువు చేయడం తేలిక కాదు. ఆ పరిస్థితిలో మంచి బయటి రీడర్ ఒకటి కొనుక్కుని ఊరుకోవడమే నయం.

నోటీసు ఇచ్చేముందు అవతలివాళ్లు వేయబోయే ప్రశ్నలు మీరే వేసుకోండి. కార్డు వెనక్కి తిప్పండి. పిన్నులు రెండు వరుసలుంటే అది యూహెచ్ఎస్-2 కార్డు. ఒకే వరుస ఉండి, ముందు వైపు 200 ఎంబీ అని అచ్చువేసి ఉంటే, అది మామూలు యూహెచ్ఎస్-1 హద్దు దాటి కార్డు కంపెనీ వాడుకునే పద్ధతి. దానికి సరిపడే రీడర్‌లోనే ఆ వేగం వస్తుంది. అలాంటి కార్డుతో 90 దాటలేదని ల్యాప్‌టాప్ మీద కేసు వేయకండి. రెండో వరుస పిన్నులకు మురికి పట్టినా కార్డు యూహెచ్ఎస్-1 వేగానికి దిగిపోతుంది, శుభ్రంగా తుడవండి. కంపెనీ సైటు నుంచి కార్డ్ రీడర్ డ్రైవర్ కొత్తది వేయండి. పరీక్షకు వేల ఫొటోలు కాకుండా పది జీబీల వీడియో ఫైలు ఒక్కటే కార్డు నుంచి ల్యాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డ్రైవ్‌కు) కాపీ చేయండి. చిన్న ఫైళ్లతో ఏ రీడరైనా నెమ్మదిస్తుంది. అదే కార్డు, అదే ఫైలు, అదే ల్యాప్‌టాప్‌తో ఈసారి బయటి యూహెచ్ఎస్-2 రీడర్‌ను యూఎస్‌బీ 3 పోర్టుకు పెట్టి మళ్లీ చేయండి. రెండూ గడియారం కనబడేలా, కోత లేకుండా వీడియో తీయండి.

సర్వీస్ సెంటర్‌లో నోటిమాటకు విలువ లేదు. 'ఈ మోడలే అంత' అన్న ముక్కను జాబ్ షీటులో (సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసే కాగితంలో) రాయించుకోండి. రాయనంటే అదే విషయం వివరిస్తూ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు ఈమెయిలు పెట్టండి. ఈ-కామర్స్ నియమాలు-2020 ప్రకారం ఆన్‌లైన్ అమ్మకందారు 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. వివరాల పేజీని తేదీ, చిరునామా కనబడేలా ఇవాళే దాచుకోండి, రేపటికి ఆ లైను మారవచ్చు. బిల్లులోని పూర్తి మోడల్ నంబరుతో పోల్చుకోండి, ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో రీడర్లు వేర్వేరుగా ఉంటాయి. స్క్రీన్‌షాట్లు, వీడియోలకు భారతీయ సాక్ష్య అధినియమం-2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయండి. కమిషన్లు సాక్ష్య నియమాలను అంత బిగువుగా పట్టుకోవు గానీ, అవతలివారికి సందు ఎందుకివ్వాలి? ల్యాప్‌టాప్‌ను బయట ఎక్కడా విప్పించకండి.

తరువాత తయారీదారుకూ అమ్మినవారికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు. దాంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలా తగాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు వేయండి. కంపెనీ బెంగళూరులో ఉన్నా, సెక్షన్ 34 కింద మీరు నివసించే విజయవాడలోనే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. లోపాన్ని ల్యాబ్‌లో తేల్చాలనుకుంటే సెక్షన్ 38(2) కింద కమిషన్ పంపిస్తుంది, ఆ ఖర్చు ముందుగా మీరే కట్టాలి.

మీ కేసులో అసలు మెలిక మీ వృత్తి. 'వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు కాదు' అని తప్పకుండా అంటారు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్నవారు వినియోగదారులేనని సెక్షన్ 2(7) వివరణ చెబుతుంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టంలోని ఇలాంటి వివరణనే విడమర్చింది. అందుకని 'స్వయంగా పనిచేస్తూ, జీవనోపాధి కోసమే కొన్నాను' అన్న వాక్యం ఫిర్యాదులో ఉండి తీరాలి. నలుగురైదుగురు జీతగాళ్లతో, జీఎస్టీ బిల్లుతో స్టూడియో పేర కొనివుంటే ఈ వాదన బలహీనపడుతుంది.

గడువు రెండేళ్లు, సెక్షన్ 69. ల్యాప్‌టాప్ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. కంపెనీతో నడిపే ఈమెయిళ్ల వల్ల గడువు పెరగదు.

డబ్బంతా వెనక్కి వస్తుందన్న ఆశ తక్కువ పెట్టుకోండి. ఎనిమిది నెలలు వాడారు, మిగతాదంతా బాగానే ఉంది. అందుకే అభ్యర్థనలను వరసగా పెట్టండి: చెప్పిన ప్రమాణానికి బాగుచేయాలి, కాకుంటే మార్చివ్వాలి, అదీ కాకుంటే డబ్బివ్వాలి. వీటికి తోడు నష్టపరిహారం, ఖర్చులు. ఈలోగా పని ఆగకుండా కొన్న బయటి రీడర్ బిల్లును మీ పేరనే తీసుకోండి, ఆ మొత్తాన్నీ ఖర్చుల్లో అడగవచ్చు.