అడ్వాన్స్ కట్టేముందు ఆ ఐదేళ్ల లెక్క చూడండి
అన్నా, మీ చెల్లి నీట్‌లో క్వాలిఫై అయినా ఇక్కడ సీటు రాలేదని, కిర్గిజ్‌స్తాన్‌లో ఐదేళ్ల వైద్య కోర్సుకి రేపే అడ్వాన్స్ కట్టమని ఏజెంటు తొందరపెడుతున్నాడని రాశారు. దయచేసి రేపు కట్టకండి.

మన దేశంలో వైద్య విద్యను నియంత్రించే ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2021 నాటి నిబంధనల ప్రకారం చదువే కనీసం 54 నెలలు ఉండాలి. దానికి అదనంగా అదే యూనివర్సిటీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఐదేళ్లంటే 60 నెలలు. ఇంటర్న్‌షిప్ అందులోనే కలిపేస్తే చదువుకి మిగిలేది 48. తిరిగొచ్చాక ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్ దగ్గర అడ్డుపడేది ఇదే. బోధన ఇంగ్లిష్‌లో ఉండాలి, ఆ డిగ్రీతో అక్కడే ప్రాక్టీసు చేసే లైసెన్సు కూడా రావాలి. బ్రోచర్ చూసి నమ్మొద్దు. నెలల లెక్క, ఇంటర్న్‌షిప్ విడిగా ఉందన్న మాట యూనివర్సిటీ సంతకం, ముద్రతో రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు దాటవేస్తే ఆ కాలేజీ వదిలేయడమే మేలు.

'ఎన్‌ఎంసీ అప్రూవ్డ్' అని చెబుతున్నాడా? విదేశీ కాలేజీలకు ఎన్‌ఎంసీ అలాంటి ఆమోదం ఇవ్వదు.

టెన్షన్ పడకండి, విదేశీ అడ్మిషన్‌కి నీట్ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఆ లెటర్ వచ్చాక ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.