మోసుల్ వెళ్తున్న అమ్మాయికి

చి. లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఇరాక్‌లోని మోసుల్‌లో కాన్పుల వార్డులో పని చెయ్యడానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఏడుస్తూనే. నాకు గర్వంగానే ఉంది గానీ గుండె దడ తగ్గలేదు. బాంబుల గురించి కాదులే. అక్కడ ఐసిస్ ఉగ్రవాదులతో పోరు 2017 జూలైలోనే ముగిసింది. నా భయమల్లా మాయ పడ్డాక పోయే రక్తం గురించి.

చేతులు కడుక్కోవడం, నొప్పులు ఎలా సాగుతున్నాయో రాసే పార్టోగ్రాఫ్ పట్టిక నింపడం, బిడ్డను తల్లి గుండెల మీద వెయ్యడం, బొడ్డు నిమిషమైనా ఆగి కొయ్యడం, మొదటి 24 గంటలు స్నానం పొయ్యకపోవడం నీకు తెలిసినవే.

ఆ యుద్ధంలో పడమటి ఒడ్డున ఉన్న అల్-షిఫా ఆసుపత్రి నాశనమైంది, టైగ్రిస్ నది మీది ఐదు వంతెనలూ దెబ్బతిన్నాయి. ఇప్పుడు ఎంత బాగుచేసినా, చేరిన రోజే అడుగు: బ్లడ్ బ్యాంకు ఏ ఒడ్డున ఉంది, అర్ధరాత్రి సిజేరియన్‌కి పంపాలంటే ఏ దారి, చెక్‌పోస్టు దగ్గర ఎవరు మాట్లాడతారు? కేసు చేతిలో ఉన్నప్పుడు అడిగితే ఏం లాభం?

ఇక అసలు సంగతి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు, గర్భసంచి బిగిసి రక్తం ఆగేందుకు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇస్తాం కదా, ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దీన్ని దాచడంలో జరిగే తప్పు పాతదే, మన ఊళ్లలోనూ చూస్తాం: పొద్దున ఓ డబ్బా ఆంపూల్స్, అంటే మందున్న చిన్న గాజు బుడ్లు, తీసి ట్రేలో పెడతారు, సాయంత్రానికి మిగిలినవి మళ్లీ ఫ్రిజ్‌లోకి. మర్నాడు మళ్లీ బయటికి. మోసుల్ ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది, పైగా కరెంటు పోతుంటుంది. మందు సత్తువ పోయినా నీళ్లలా తేటగానే ఉంటుంది, రంగు మారదు, వాసన రాదు. సూది పడ్డా గర్భసంచి మెత్తగానే ఉంటే గర్భసంచిదే తప్పనుకుని ఇంకో ఆంపూల్, ఇంకో ఆంపూల్ ఎక్కిస్తారు. అన్నీ ఆ డబ్బాలోవే! ఈలోగా అర లీటరు రక్తం పోతుంది. ముందే రక్తహీనత ఉన్న మనిషి దానికే సొమ్మసిల్లుతుంది.

కాబట్టి డ్యూటీకి కావలసినన్నే బయటికి తియ్యి. తీసినవి తిరిగి లోపల పెట్టనివ్వకు. ఫ్రిజ్ మధ్య అరలో ఉంచు. తలుపులో వెచ్చబడతాయి, ఫ్రీజర్ గోడకి ఆనితే గడ్డకడతాయి. పొద్దునా సాయంత్రం థర్మామీటరు చూసి రాయించు. కరెంటు పోతే ఆ తలుపు తెరవకూడదు. వేడికి తట్టుకునే కార్బెటోసిన్ 100 మైక్రోగ్రాములు దొరికితే నివారణకి అదే మేలు. ఏదీ లేకపోతే మిసోప్రోస్టాల్ మాత్రలు 600 మైక్రోగ్రాములు నోటికి.

రక్తాన్ని కంటితో అంచనా కట్టకు, ఎప్పుడూ తక్కువే కనబడుతుంది. గీతలున్న ప్లాస్టిక్ షీటు కింద పరిస్తే 300 మిల్లీలీటర్ల దగ్గరే నాడీ, బీపీ చూడు. తేడా ఉన్నా, 500కి చేరినా ఇక ఆగకు. షీటు లేకపోతే గుడ్డలు తూకం వెయ్యి, పొడి గుడ్డ బరువు తీసేస్తే గ్రాముకి సుమారు ఒక మిల్లీలీటరు. పొట్ట మీద నిమురుతూనే మూత్రం తీయించు, ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టు, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము పది నిమిషాలపాటు నరానికి ఇవ్వు. అది కాన్పయిన మూడు గంటల్లోపే ఇవ్వాలి. మాయ ముక్కలేమైనా లోపల ఉన్నాయేమో, చీలికలున్నాయేమో చూడు. బీపీ ఎక్కువున్నవాళ్లకి మెథర్జిన్ జోలికి (గర్భసంచి బిగించే ఇంకో మందు) వెళ్లకు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఇంకొకటి, మందులది కాదు. ఐసిస్ ఏలుబడిలో పుట్టిన పిల్లలకి ఐసిస్ వాళ్లిచ్చిన జనన పత్రాలు ఇరాక్ ప్రభుత్వం దగ్గర చెల్లలేదు, బడికి వెళ్లడానికే తిప్పలు. నీ వార్డులో పుట్టిన బిడ్డ కాగితంలో తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు వాళ్ల గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయించు. కార్డు లేదని మాత్రం ఏ తల్లినీ గుమ్మం దగ్గర ఆపనివ్వకు.

వేళకి తిను. ఫ్రిజ్ థర్మామీటర్లు ఇక్కడే రెండు కొని పెట్టెలో వేసుకో, బ్యాటరీలు విడిగా.

మీ పెద్దమ్మ