మోకాలు ఎలా ఉందో పేషెంట్‌నే చెప్పనియ్యి

అమ్మలూ,

బరంపురంలో ఎముకల వార్డులో చేరావని, మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ల ప్రశ్నాపత్రాలు నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. ఫారాలు నింపే పనే కదా అని తేలిగ్గా తీసుకోకు. ఎక్స్‌రేలో కీలు చక్కగా కూర్చున్నా, ఇంటికెళ్లాక మనిషి మెట్లు దిగలేకపోవచ్చు. ఆ సంగతి బయటపడేది ఈ కాగితంలోనే.

మీరు వాడేది ఆక్స్‌ఫర్డ్ మోకాలి స్కోరు అయితే ప్రశ్నలు 12, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. అడిగేది గత నాలుగు వారాల సంగతే. మొత్తం 48కి ఎంత దగ్గరైతే మోకాలు అంత బాగున్నట్టు. పాత పద్ధతిలో 12 నుంచి 60 దాకా వేసేవారు, అందులో ఎక్కువ వస్తే అధ్వానం. ఏ పద్ధతో కాగితం మీదే రాసిపెట్టు.

అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్‌కి ముందు ఒకసారి నింపించడం. అది లేకపోతే ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి మళ్లీ నింపించినప్పుడు వచ్చిన 34 చూసి ఏం తెలుస్తుంది? 14 నుంచి అక్కడికి వచ్చినవాళ్లు వేరు, 30 నుంచి వచ్చినవాళ్లు వేరు. అడ్మిషన్ రోజు టెన్షన్‌లో వద్దు, అంతకుముందు చెకప్‌కి వచ్చినప్పుడే నింపించు.

పర్లాకిమిడి, గుణుపురం వైపు మనవాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివినవాళ్లుంటారు. ఏ భాషలో కావాలో వాళ్లనే అడుగు. చదువు రానివాళ్లకి నువ్వే చదివి వినిపించు. అయితే అప్పటికప్పుడు నీ సొంత మాటల్లో చెప్పకు, అనుమతి ఉన్న అనువాదమే చదువు.

కొడుకులూ కోడళ్లూ పక్కనుంటే వాళ్లే జవాబులు చెప్పేస్తారు. "రాత్రిపూట నొప్పి ఉంటోందామ్మా?" అని అడిగితే కొడుకు "ఇప్పుడేం లేదండీ" అంటాడు. ముసలమ్మ మాట్లాడకుండా చీర మీంచే మోకాలు రుద్దుకుంటూ ఉంటుంది. వాళ్లని మర్యాదగా బయట కూర్చోమను. ఆపరేషన్ చేసిన డాక్టరుగారి ఎదుట కూడా అడగొద్దు. ఆయన మొహం చూస్తూ ఇంకా నొప్పిగా ఉందని చెప్పడానికి మనవాళ్లకి నోరు రాదు.

మోకాళ్లు నేలకి ఆనించి కూర్చుని మళ్లీ లేవగలరా అనే ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. డాక్టరుగారు వద్దన్నారుగా అంటారు. వద్దన్నారా లేదా అని కాదు, చేయగలరా లేదా అన్నదే ప్రశ్న అని నిదానంగా చెప్పు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం ఆ పత్రంలో ఉండవు. మనవాళ్ల బాధంతా వాటి గురించే కాబట్టి వేరే కాగితం మీద రాసుకో, స్కోరులో మాత్రం కలపకు.

ఆర్నెల్లకి రానివాళ్లని వదిలెయ్యకు. బాగా లేనివాళ్లే వేరే ఆసుపత్రికి వెళ్లిపోయి ఉండొచ్చు, అప్పుడు మీ లెక్క ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకో: ఒకటి పేషెంట్‌ది, ఒకటి ఇంట్లో ఇంకొకరిది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ